వరుస తప్పిన పిలుపు

నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రహదారి మీద, మిర్యాలగూడ దాటి సుమారు 20 కిలోమీటర్లు వస్తే దామరచర్ల. ఇంకాస్త ముందుకు పోతే వాడపల్లి, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. వంతెన దాటితే పొందుగుల, పల్నాటి సీమ. ఈ ఒడ్డున ఇల్లు కదిలే మనిషి ‘పోయొస్త’ అంటాడు, ఆ ఒడ్డున ‘వెళ్లొస్తా’ అంటాడు. యాస మారింది గాని, రెండు మాటల్లోనూ తిరిగి రావడం ఉంది. ఉత్త ‘పోతున్న’ అని గడప దాటబోతే ఇంటి పెద్దావిడ ఊరుకునేది కాదు. ‘అట్లనకు బిడ్డా, పోయొస్త అను’ అని చెప్పించి మరీ పంపేది. బియ్యం అయిపోతే ‘నిండుకున్నయి’ అనడం, దీపం ఆరితే ‘కొండెక్కింది’ అనడం కూడా అలాంటి ఇళ్లలో నేర్చుకున్నవే. నోటి నుంచి వచ్చిన మాట గాలిలో కలిసిపోదని, ఎక్కడో ఒకచోట తగులుతుందని ఆ ఇళ్ల పెద్దలు నమ్మారు.

దామరచర్ల మొదటి నుంచీ పలకరింపుల కూడలి. చుట్టూ ఉన్న తండాల నుంచి వచ్చే లంబాడీ పెద్దలు ఒకరికొకరు ‘రామ్ రామ్’ చెప్పుకుంటారు. మండలంలోని వీర్లపాలెం దగ్గర 2015 జూన్‌లో యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఒక్కోటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. దాని పనుల కోసం ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ‘భయ్యా’ను తెచ్చారు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో బతికే మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర ‘సేటూ’, బస్సులో ‘అవ్వా, జర జరుగు’, ఆఫీసులో ‘సార్’. ఇన్ని పిలుపుల మధ్య ఇప్పుడు అన్నింటికన్నా ఎక్కువగా చెవినపడేది ‘బ్రో’. ఆ మాట ఎంతగా అల్లుకుందంటే, 2023లో పవన్ కల్యాణ్, సాయి ధరమ్ తేజ్ నటించిన సినిమాకు అదే పేరైంది.

ఇంగ్లిష్ మాట వచ్చిందని బాధపడాల్సింది లేదు. సలాం వచ్చింది, భాయ్ వచ్చింది, సార్ వచ్చింది. తెలుగు ఇల్లు అందరికీ పీట వేసింది. బాధ మరోచోట ఉంది.

ఊళ్లో ఒక మనిషిని పిలవాలంటే ముందు ఆ మనిషిని చూడాలి. తనకంటే పెద్దా చిన్నా, అమ్మ వైపా నాయన వైపా, తన తండ్రి ఆయన్ని ఏమని పిలిచేవాడు? ఈ లెక్కంతా రెప్పపాటులో తేలితేగాని ‘మామా’ అనో ‘చిన్నాయనా’ అనో నోట రాదు. రక్తసంబంధమే ఉండనక్కర్లేదు. కులాలు వేరైనా వరుసలు కలుపుకునేవారు. కాపు ఇంటి పిల్లవాడికి కుమ్మరాయన తాత, గొల్లామె అత్త. పిలుపులోనే బాధ్యత కూడా వచ్చి చేరేది. మామా అని పిలిచిన మనిషి చేలో గొడ్డు పడితే చూసీచూడనట్టు పోవడం కుదరదు. ‘బ్రో’కు ఆ చూపు అక్కర్లేదు. టీ కొట్టు దగ్గర అరవై దాటిన ముసలాయనా బ్రోనే, గ్లాసులు కడిగే పిల్లవాడూ బ్రోనే, లారీ దిగిన డ్రైవరూ బ్రోనే. ఎదుటివాడి ముఖం చూడకుండానే వాడగలిగిన పిలుపు అది. పోయింది గౌరవం ఒక్కటే కాదు, ఆ చూపు.

మర్యాద మాటలో ఉందా, మనసులో ఉందా? ఇది పాత ప్రశ్న. మహాభారతంలో కర్ణపర్వం దీనికి ఒళ్లు జలదరించే జవాబు చెబుతుంది. కర్ణుడి బాణాలకు నొచ్చి శిబిరం చేరిన ధర్మరాజును చూడడానికి అర్జునుడు వస్తాడు. కర్ణుణ్ణి చంపి వచ్చాడనుకున్న అన్న, చంపలేదని తెలిశాక కోపం పట్టలేక, నీ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంటాడు. ఆ మాట అన్నవాడి తల తీస్తానని అర్జునుడికి ఒక వ్రతం. కత్తి దూస్తాడు. కృష్ణుడు అడ్డుపడి ఒక ఉపాయం చెబుతాడు. ఇన్నాళ్లూ ‘తమరు’ అని పిలిచిన అన్నను ఒక్కసారి ‘నువ్వు’ అను, పెద్దవాడికి అది బతికుండగా చావే, నీ వ్రతం చెల్లుతుంది అంటాడు. అర్జునుడు అలాగే అంటాడు. అన్నాక కుమిలిపోయి తన తలే నరుక్కోబోతాడు. కృష్ణుడు దానికీ దారి చూపిస్తాడు: నీ గొప్పలు నువ్వే చెప్పుకో, తనను తాను చంపుకోవడమంటే అదే.

ఒక్క సర్వనామం మార్చితే అన్నను చంపినట్టు, సొంత డబ్బా కొట్టుకుంటే తనను చంపుకున్నట్టు. వ్యాసుడు కథలో పెట్టిన ఈ రెండు చావులూ ఈ రోజు వాడుకలో పక్కపక్కనే కనిపిస్తాయి. పెద్దలకు ‘లైట్ తీస్కో’, తనకేమో ‘మన రేంజే వేరు’, ‘మనం తోపు’.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. తెలంగాణ పల్లెలో మనవడు ‘తాతా, నువ్వు తిన్నవా?’ అంటాడు. అందులో అణువంత అమర్యాద లేదు. ఏటికి అవతలి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఆ ‘నువ్వు’ విని నొచ్చుకున్న సందర్భాలు కొల్లలు. కానీ ఇక్కడి మర్యాద సర్వనామంలో కంటే క్రియలోనూ గొంతులోనూ ఉంటుంది: ‘రాండ్రి’, ‘కూసోండ్రి’, ‘పైలం బిడ్డా’. మరి కృష్ణుడు చెప్పింది తప్పా? కాదు. ఆయన వ్యాకరణం చెప్పలేదు. ఎప్పుడూ ఇస్తున్నదాన్ని ఎదుటివాడి నుంచి ఉన్నట్టుండి లాక్కోవడం గురించి చెప్పాడు. తాతను పుట్టినప్పటి నుంచీ నువ్వు అనే పిల్లవాడు ఏమీ లాక్కోవడం లేదు. నిన్నటిదాకా పెద్దయ్యా అని పిలిచి, ఇవాళ స్నేహితుల ముందు ‘ఏం బ్రో’ అన్నవాడు లాక్కుంటున్నాడు. ఆ పెద్దయ్య నవ్వి ఊరుకోవచ్చు. ఇచ్చింది వెనక్కి పోయిన సంగతి ఆయనకు తెలుస్తుంది.

పాత మర్యాదలన్నీ బంగారమని చెబితే ఈ ప్రాంతానికి ద్రోహం చేసినట్టే. సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ఒకప్పుడు ఎలాంటి మర్యాదను చూశాయో ఇక్కడి పెద్దలకు తెలుసు. ‘నీ బాంచెన్, కాల్మొక్త దొరా’. నీ బానిసను, నీ కాళ్లు మొక్కుతాను అని వంగిన నడుముతో అనాల్సిన మాట అది. అనకపోతే కొరడా. దొర నోట మాత్రం మల్లయ్య మల్లిగాడు, ఎల్లమ్మ ఎల్లి. ‘గారు’కూ ‘గాడు’కూ మధ్య ఉన్నది ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం అందుకోవడానికి నల్లగొండ జిల్లా 1946 నుంచి 1951 దాకా తుపాకీ పట్టింది. భూమి కోసం, వెట్టి పోవడం కోసం జరిగిన పోరాటమే అయినా, పేరు నిండుగా పిలిపించుకోవడం కోసం కూడా జరిగిందని చెప్పడం అతిశయోక్తి కాదు. 1952 ఎన్నికల్లో ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నల్లగొండ జనం నెహ్రూకు వచ్చిన వాటి కంటే ఎక్కువ ఓట్లు వేసి పార్లమెంటుకు పంపారు. ఆ పోరాట దళాల్లో అందరూ అన్న, అక్క. పెద్దింటి నుంచి వచ్చినా, కూలి గుడిసె నుంచి వచ్చినా ఆ రెండే పిలుపులు. భయంతో పలికించుకున్న మాట మర్యాద కాదు, అది మనిషి వెన్ను వంచే బరువు. అందుకే ‘బ్రో’లో కుర్రవాళ్లకు కనిపించే సమానత్వాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. దొరా అనే అవసరం లేని లోకంలో పుట్టడం వాళ్ల అదృష్టం. కానీ ఆ ‘అన్న’లో సమానత్వంతో పాటు మనిషి కూడా ఉన్నాడు. ఆ అన్న కోసం అన్నం దాచిపెట్టారు, పోలీసుల దెబ్బలు తిన్నారు.

పిలుపులకు పట్టిన చీడే మెచ్చుకోళ్లకూ పట్టింది. పాట బాగుంటే ‘అరాచకం’, ఆట బాగుంటే ‘రచ్చ’, సినిమాకు డబ్బులొస్తే బాక్సాఫీసు దగ్గర ‘ఊచకోత’. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం సైనికులు ఊరిమీద పడి జనాన్ని వరసగా నిలబెట్టి కాల్చినదానికి తెలుగులో ఉన్న పేరు ఊచకోత. నల్లగొండ పల్లెల్లోనూ అలాంటి గాయాలున్న కుటుంబాలు ఎన్నో. ఆ మాటను టిక్కెట్ల వసూళ్లకు అతికించినవాళ్లకు చెడు ఉద్దేశం లేకపోవచ్చు. అయినా ఆ మాట ఇప్పుడు చచ్చినవాళ్ల తరఫున నిలబడలేదు. రేపు నిజంగా ఘోరం జరిగితే చెప్పడానికి ఏ మాట మిగులుతుంది?

మాట విలువ పోయే ఈ ప్రమాదాన్ని బౌద్ధం చాలా ముందే పట్టుకుంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి కొండ మీద స్తూపం, విహారాలు ఉన్నాయి. అలాంటి విహారాల్లో భిక్షువులు అభ్యసించిన అష్టాంగ మార్గంలో సమ్యక్ వాక్కు ఒక అంగం. అబద్ధం, కొండెం, పరుషం అనే మూడు దోషాలను అందరూ ఊహించగలరు. నాలుగోది వ్యర్థ ప్రలాపం, అంటే అర్థం లేకుండా వాగడం. దాన్ని అబద్ధం పక్కనే కూర్చోబెట్టడంలో పెద్ద ఆలోచన ఉంది. అబద్ధం ఒక మాటను చెడగొడితే, వాగుడు మాటలన్నింటినీ చవక చేస్తుంది. భగవద్గీత 17వ అధ్యాయం వాక్కును తపస్సుగానే లెక్కించింది. ఎదుటివారిని కలవరపెట్టకూడదు, సత్యం కావాలి, ప్రియం కావాలి, హితం కావాలి. నాలుగూ ఒకేసారి కుదరాలంటే నోరు తెరిచే ముందు ఒక క్షణం ఆగాలి. ఊతపదానికి లేనిది ఆ క్షణమే.

వాడపల్లి మీనాక్షీ అగస్త్యేశ్వర ఆలయానికి వెళ్లినవాళ్లు స్థలపురాణం వినే ఉంటారు. బోయవాడు తరిమితే ఒక పక్షి వచ్చి శివలింగం చాటున దాక్కుంది. శివుడు ప్రత్యక్షమై, శరణన్న పక్షిని ఇవ్వనన్నాడు. మరి నా ఆకలి మాటేమిటి అన్నాడు బోయ. నా తలలోంచి మాంసం తీసుకో అన్నాడు స్వామి. లింగం మీద కనిపించే గుంటలు ఆ బోయవాడి వేళ్ల గుర్తులని, గాయం కడగడానికి గంగ వచ్చిందని, అందుకే పైనున్న గుంటలో నీళ్లు ఇంకవని భక్తులు చెబుతారు. ఈ కథలో గమనించాల్సింది, శివుడు బోయవాణ్ణి కసరలేదు. పక్షి భయం నిజమే, బోయ ఆకలీ నిజమే. ఇద్దరినీ చూశాడు, ఎవరికి తగిన జవాబు వారికిచ్చాడు. ఆ పక్షి కోరిన శరణు మన పలకరింపులోనూ ఉంది. తెలంగాణలో పాత పలకరింపు ‘శనార్తి’. ‘శరణార్థి’ అనే మాటే పల్లె నోళ్లలో నలిగి అలా మారిందంటారు. వీరశైవులు ఎదురుపడితే శరణు శరణార్థి అనుకునేవారు. ఇద్దరూ అదే మాట అంటారు, ఇద్దరూ అవతలివారి నీడ కోరతారు, కాబట్టి ఎవరూ ఎక్కువ కారు. బాంచెన్‌కు పూర్తిగా ఎదురుగా నిలబడే మాట అది. అదే గడ్డ మీద, అదే జనం నోట రెండూ ఉన్నాయి.

దామరచర్లకు దగ్గరలోనే, పాలకవీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. జనవరిలో ఉర్సుకు హిందువులు, ముస్లింలు కలిసి వస్తారు, కందూరు చేస్తారు. మొక్కుకుని కన్న పిల్లలకు సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి, సైదానాయక్ అని పేర్లు పెట్టుకుంటారు. ఒక పీరు పేరు ఇన్ని కులాల ఇళ్లలో బిడ్డల పేరైంది. ‘సైదులు’ వినడానికి రాములు, వెంకటేశ్వర్లు వరుసలోనే ఉంటుంది. ఖురాన్ నాలుగో అధ్యాయం, ఎవరైనా పలకరిస్తే అంతకంటే మంచి పలకరింపుతో బదులివ్వమని, కనీసం అంతటిదైనా తిరిగివ్వమని చెబుతుంది. మంచి మాట కూడా దానమేనని ప్రవక్త అన్నట్టు హదీసు. పలకరింపు అప్పులాంటిది, తీర్చాల్సిందే, వీలైతే కాస్త కలిపి తీర్చాలి.

పల్లె తెలుగులో ‘థాంక్స్’కు సరైన మాట లేదని కొందరు చిన్నబుచ్చుకుంటారు. ఉంది. మూట నెత్తికెత్తినందుకు ముసలమ్మ ‘సల్లగుండు బిడ్డా’ అంటుంది. థాంక్స్‌తో లెక్క అక్కడికక్కడే సరి. దీవెన అయితే వెంట వస్తుంది. కాలు తగిలితే వంగి ఆ మనిషిని తాకి చెయ్యి కళ్లకద్దుకునేవారు. ఇప్పుడు బండి తగిలించి, ఆపకుండానే గాలిలోకి ‘సారీ బ్రో’ విసిరి పోవడం రోజూ కనిపిస్తుంది. చావుకబురు తెలిస్తే ఇంటికి పోయి, ఏమీ మాట్లాడకుండా అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేవారు. ఇప్పుడు ఫోనులో మూడక్షరాలు, ‘ఆర్‌ఐపీ’. దూరాన ఉన్నవాడికి అదొక్కటే దారి కావచ్చు. పక్క వీధిలో ఉన్నవాడు కూడా అక్కడితో సరిపెట్టడం మాత్రం క్షమించదగ్గది కాదు.

పండక్కో వేసవి సెలవులకో హైదరాబాద్ నుంచి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పిల్లలతో వచ్చే తల్లిదండ్రులకు ఒక మనవి. వాడపల్లి గుడికో జాన్‌పహాడ్ దర్గాకో పోయినప్పుడు బయట పూలమ్మే ఆమెను ముందు మీరు పిలవండి: ‘అవ్వా, మూరెంత?’ పిల్లవాడు వింటాడు. వాడి నోట బ్రో వచ్చినా కసరకండి. ఆమె ఎవరో, ఏ ఊరో అడిగి తెలుసుకోమనండి. వచ్చేటప్పుడు ‘పోయొస్త అవ్వా’ అని చెప్పించండి.