ఫారెస్టు వేరు, అడవి వేరు

ఫారెస్ట్ అంటే అడవి అని నల్లబల్ల మీద రాస్తాం. పిల్లలు రాసుకుంటారు. అయితే మన గూడేల్లో ఈ రెండు మాటలు ఎక్కడెక్కడ వాడతారో ఒకసారి వినండి. ఇప్పపువ్వు ఏరడానికైనా, తునికాకు కోయడానికైనా "అడవికి పోతున్నాం" అంటారు. "ఫారెస్టుకు పోతున్నాం" అని ఎవరూ అనరు. "ఫారెస్టోళ్లు వచ్చారు", "అది ఫారెస్టు, దున్ననివ్వరు" అంటారు. చదువురాని మన పెద్దలకు ఫారెస్టు అంటే చెట్లు కాదు. హద్దురాయి, కేసు, అధికారం.

వాళ్లు మాటను తప్పుగా వాడుతున్నారా? దాని పుట్టుక చూద్దాం. లాటిన్‌లో 'ఫోరిస్' అంటే బయట. ఫారెస్ట్ అందులోంచే వచ్చిందని ఎక్కువమంది భాషా పండితులు చెబుతారు. పరాయి అని అర్థమిచ్చే 'ఫారిన్' మూలం కూడా అదే. ఐరోపాలో రాజు తన వేట కోసం వేరుచేసి ఉంచుకున్న నేల ఫారెస్ట్. 1066లో ఇంగ్లండును గెలిచిన విలియం ఆ పద్ధతిని అక్కడ పెట్టాడు. ఆ హద్దుల్లో ఊళ్లూ పొలాలూ ఉండేవి. చెట్లు లేకున్నా అది ఫారెస్టే. స్కాట్లండ్‌లో జింకల వేటకు ఉంచిన బోడికొండలను నేటికీ ఫారెస్ట్ అనే పిలుస్తారు.

అంటే నిఘంటువు కంటే మన పెద్దలే ఆ మాట అసలు అర్థానికి దగ్గరగా ఉన్నారు. 1882 మద్రాసు అటవీ చట్టం ఆ మాటను రిజర్వు గీతతో మన కొండలకు తెచ్చింది. పోడుకూ పశువుల మేతకూ అడ్డు పడింది. 1922లో మన్యం తిరగబడడానికి ఆ ఆంక్షలూ ఒక కారణం.

అలాగని ఆ మాటను పక్కన పెడదామా? కుదరదు. హక్కులు కూడా ఆ మాటతోనే రాసి ఉన్నాయి. 1217లో ఇంగ్లండు రాజు ఫారెస్ట్ చార్టర్ ఇచ్చి, అందులో బతికేవాళ్ల మేత హక్కు, కట్టెల హక్కు ఒప్పుకోవాల్సి వచ్చింది. మన 2006 చట్టం పేరులో 'అటవీ హక్కుల గుర్తింపు' అని ఉంది, మంజూరు అని లేదు. ముందే ఉన్నదాన్నే గుర్తిస్తారు. అడవిని కాపాడే అధికారాన్నీ బాధ్యతనూ ఆ చట్టం గ్రామసభకు కూడా ఇచ్చింది. కాబట్టి కాపలా ఉండాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. లోపలివాళ్లను బయటివాళ్లుగా చూసే కాపలా న్యాయమా అన్నదే.

ఉపాధ్యాయ మిత్రులారా, ఒక మాటకు అర్థం చెప్పడమంటే ఎవరి కళ్లతో చూడాలో కూడా చెప్పడమే. ఫారెస్ట్ మీద వ్యాసం రాయమంటే మన పిల్లలు చెట్లు, పులులు, వానలు అని రాస్తారు. మనుషులు కనబడరు. మార్కులు వేసే ముందు ఒక్క మాట అడుగుదాం: "ఇందులో మీ అమ్మ ఎక్కడుంది?"