రోగము పేరడుగని సేవ

రోగి యింటికి పోయి సేవ చేయుట మేలా, రోగినే ఆసుపత్రికి రప్పించుట మేలా యని అడిగిన, ఎవరైనను మొదటిదే మేలందురు. హెచ్.ఐ.వి. సోకినవారి విషయమున ఆ సమాధానము అంత సులభము కాదు. లింగాల ఘనపురము వంటి యూళ్లలో ఎవరి వాకిట ఎవరు నిలిచినను సాయంకాలమునకు వీధి యంతకును తెలియును. మాత్రల సంగతి విచారింపవచ్చిన కార్యకర్త రాకయే ఆ యింటి రహస్యమును చాటింపు వేయవచ్చును. దయచేయబోయి పరువు తీసినచో ఆ దయ ధర్మమగునా? ఈ సందేహము కొట్టివేయదగినది కాదు.

ఈ రోగము మన దేశమున తొలుత 1986లో మద్రాసున బయటపడినది. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఏ.ఆర్.టి. మందుల నుచితముగా నిచ్చుచున్నది. మన ప్రాంతమునకు పెద్ద దిక్కైన వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రియందును ఆ కేంద్రము గలదు. కాని మందు ఉచితమైనంతమాత్రమున పని తీరదు. అది జీవితాంతము, దినము తప్పక, మ్రింగవలసిన మందు. నడుమ మానినచో క్రిమి మరల విజృంభించును; ఒక్కొక్కప్పుడు ఆ మందునకే లొంగనిదగును. కూలివానికి మందులకు పోయిన దినము కూలి పోయిన దినమే. కనుక ఒక్కొక్క కుటుంబపు సంగతిని ఒక కార్యకర్త మొదటినుండి కనిపెట్టి చూచు పద్ధతి యేర్పడినది. 2013లో 'విహాన్' అను పేర వెలసిన సంరక్షణ కేంద్రములు ఈ పనికి పూనుకొన్నవి. మందు మానినవారిని వెదకుట, క్షయ లక్షణములున్నవారిని పరీక్షకు పంపుట, భార్యాబిడ్డలకు పరీక్ష చేయించుట, పింఛను కాగితములు సిద్ధపరచుట మొదలైనవి వారి విధులు. వారిలో పలువురు తామును ఆ రోగముతో జీవించువారే. నా దృష్టిలో ఈ యేర్పాటున ఉత్తమమైనది అదియే. తెలంగాణమున 2014లో ఆసరా పింఛను వీరికిని వర్తించినది. వేయి రూపాయలుగా నుండిన ఆ మొత్తము 2019లో 2016 రూపాయలైనది.

ఇక ధర్మసందేహము. "మా రక్షణకొరకైనను మాకు తెలియవలదా?" అని పొరుగువారందురు. తాకుటవలన, కలిసి భుజించుటవలన, ఒకే బావినీరు త్రాగుటవలన ఈ రోగమంటదు. అంటనిదానినుండి రక్షణ యేమి? తెలియవలసిన హక్కు జీవిత భాగస్వామికి గలదు. 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చిన 2017 నాటి చట్టము వైద్యునిద్వారా దానికి మార్గము చూపినది. చెప్పినచో స్త్రీకి హింసయో, పరిత్యాగమో కలుగునన్న భయమున్నచోట చెప్పరాదనియు నియమించినది. శాసనకర్తలు మన యిండ్ల నెరుగని వారు కారు! రోగి సమ్మతి లేక అతని రోగమును వెల్లడింపరాదని ఆ చట్టమే చెప్పుచున్నది. కావున పొరుగువాని ప్రశ్న రక్షణకొరకు కాదు, కుతూహలముచేత.

ఆ చట్టమున మరియొక మాట గలదు. ఈ రోగము గలవారికి ఉమ్మడి యింటిలో నివసించు హక్కు గలదనియు, ఆ యింటినుండి గాని, అందలి యే భాగమునుండి గాని వారిని వెలివేయరాదనియు దాని తాత్పర్యము. భర్త పోయిన కోడలిని పుట్టింటికి సాగనంపువారు దీనిని రెండుమారులు చదువవలెను. అయినను చట్టము గది నిప్పించగలదే కాని, ఆ గదిలోనికి అన్నము పళ్లెమును విసుగుకొనక తెచ్చు చేయి నీయజాలదు. కార్యకర్త మాసమున కొకటి రెండుమారులు వచ్చును. మిగిలిన దినములన్నియు ఇంటివారివే. గృహసంరక్షణ యన్న మాటలో గృహమే ముందున్నది.

జ్వరపడినవానికి గంజి కాచియిచ్చుటకు ఆ జ్వరము దేనివలన వచ్చినదో తెలియ నవసరము లేదు. దాసోహపు పంక్తిలో కూర్చున్నవాని కులమడుగరాదని నేర్చిన మనకు ఈ సంగతి క్రొత్త కారాదు. కార్యకర్తలును తమవంతు మెలకువ వహింపవలెను. రోగి రమ్మన్న చోటికే పోవలెను. వాకిట నిలిచి బిగ్గరగా పిలువరాదు. చేతిలోని కాగితముపై పేరు బయటికి కనబడనీయరాదు. ఇంటికి వలదన్నవానిని సంతలోనో, ఫోనులోనో పలుకరించినను అది సంరక్షణయే.

మఠముల పెద్దలకు ఒక విన్నపము. ఇట్టి తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డలు వసతిగృహములలో చేర వచ్చుచుందురు. ప్రవేశపు దరఖాస్తులో తల్లిదండ్రుల మరణకారణము వ్రాయవలసిన గడి యున్నదేమో చూచి, ఉన్నచో వచ్చు సంవత్సరమునకు అచ్చు వేయించు ప్రతులలో దానిని తీసివేయింపవలసినదిగా ప్రార్థన.