మొక్కజొన్న ఆకు అడుగు ప్రశ్న



సంఘములో ఒకరు వాక్యము చెప్పుదురు, ఒకరు పాట నడిపింతురు. ఒకరు తెల్లవారకముందే వచ్చి, గుడి ఊడ్చి, చాపలు పరచి పోవుదురు. మొదటి ఇద్దరి పేర్లు అందరికిని తెలియును. మూడవవారి పేరు ఎందరికి తెలియును? పనిలో భేదమున్నంత మాత్రమున విలువలోను భేదమున్నదా? ఈ ప్రశ్నను మనము మొక్కజొన్న చేనిగట్టున నిలిచి ఆలోచింతము.

మొక్కజొన్న ఆకును ఎండకెదురుగా పట్టి చూచినయెడల సన్నని ఈనెలు దగ్గరదగ్గరగా నిలువున సాగియుండును. కంటికి ఆకంతయు ఒకే పచ్చన. సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు మాత్రము ప్రతి ఈనె చుట్టును రెండు వరుసల కణములు కనబడును. ఒక వరుస ఈనెను ఆనుకొని కడియమువలె చుట్టుకొనియుండును. మరియొకటి దానికి వెలుపల నుండును. రెండింటిలోను హరితరేణువులున్నవి. ఆకునకు పచ్చదనమిచ్చి, సూర్యకాంతితో ఆహారము సిద్ధపరచునవి ఇవే. అయితే వెలుపలి కణముల హరితరేణువులలో పలుచని పొరలు నాణెముల దొంతరలవలె పేర్చబడియుండును. లోపలివాటిలో ఆ దొంతరలు దాదాపు లేవు. పిండిపదార్థము ఎక్కువగా నిలువయుండును.

వాటి పనులును వేరు. వెలుపలి కణములు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి, ఒక ఆమ్లముగా మార్చి లోపలికి అందించును. లోపలి కణములు ఆ వాయువును విడిపించి చక్కెర చేయ మొదలిడును. దానికి కావలసిన శక్తి వాటియొద్ద చాలదు గనుక కొంత సరకును మరల వెలుపలి కణములకు పంపి పని సాగించుకొనును. దొంతరలు లేకపోవుట లోపమని తలంచరాదు. దొంతరలున్నచోట ప్రాణవాయువు పుట్టును. అది ఎక్కువైనచో చక్కెర చేయు పనికే అడ్డమగును. ఒకటి లేక మరియొకటి ఈ పని నెరవేర్చలేదు.

మరి ఈ భేదము ఎక్కడనుండి వచ్చెను? రెండు వరుసలలోని వారసత్వ పదార్థము ఒక్కటే. ఆకు మొదట కణములు లేతవి, కొనయందు ముదిరినవి. ఆ లేత భాగములో రెండు విధముల కణముల హరితరేణువులును ఇంచుమించు ఒకే రీతిగానుండును. లోపలివి సయితము మొదట కొన్ని దొంతరలు కట్టుకొని, ఎదిగినకొలది వాటిని విడిచిపెట్టును. 1988లో జేన్ లాంగ్‌డేల్ అను శాస్త్రవేత్తయు ఆమె తోటివారును ప్రచురించిన పరిశోధన ఇంకొకటి తెలిపెను. చక్కెర పనికి నాంది పలుకు రుబిస్కో అను పదార్థము, చీకటిలో పెరిగిన ఆకులో రెండు వరుసలలోను ఉండును. వెలుగు తగిలినప్పుడు, ఈనెకు దగ్గరనున్న వెలుపలి కణములు దానిని మాని తమ ప్రత్యేకమైన పనికి మరలును. కంకిని కప్పు పొరలలో ఈనెలు దూరదూరముగా నుండును. అక్కడ ఈనెకు దూరమైన కణములు రుబిస్కోను మానవు. నిలిచిన చోటును, అందిన వెలుగును బట్టి కణము తీరు మారుచున్నదన్నమాట.

ఇక్కడ మనము జాగ్రత్తపడవలెను. "చూచితిరా, ఎవరి చోటు వారికి దేవుడే నియమించెను, అక్కడనే పడియుండుడి" అని ఈ ఆకును చూపి చెప్పువారు ఉండవచ్చును. ఊరి వెలుపలి వాడలలో మన తాతముత్తాతలు ఆ మాట ఎంతకాలము వినిరో మనము ఎరుగుదుము. మనుష్యుడు కణము కాడు. కణమునకు మనస్సాక్షి లేదు. లేచి వేరొకచోటికి నడువలేదు. ఆకు చెప్పు సంగతియు వారి మాటకు విరుద్ధమే: భేదము పుట్టుకలో లేదు. కాబట్టి వెనుకబడిన బిడ్డను చూచి "వాని పుట్టుక అంతే" అనక, వానికి ఎంత వెలుగు అందనిచ్చితిమి, ఎవరి ప్రక్కన కూర్చుండనిచ్చితిమి అని మనలను మనమే అడుగుకొనవలెను.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో శరీరమును గూర్చియు, అవయవములను గూర్చియు చెప్పిన సంగతి మనము అనేకమారులు వింటిమి. విని, గుడి ఊడ్చు సహోదరి పేరు అడుగకయే ఇంటికి పోయితిమి. వచ్చు ఆదివారము ఆమె పేరు అడుగుదము. ఆమె పనిని ఘనపరచుదము. ఆమెకు చదువు వచ్చునేమో, వాక్యము చదువ మనసున్నదేమో అదియు అడుగుదము. ఆమె చదువుచుండగా ఆ చీపురు మనము పట్టుకొందము.