వైశ్వానరుడికి నైవేద్యం

జూబ్లీహిల్స్ చుట్టుపక్కల ఇద్దరు ఇల్లాళ్ల పేర్లు నిలిచిపోయాయి. అక్కినేని నాగేశ్వరరావు తన స్టూడియోకు భార్య అన్నపూర్ణ పేరు పెట్టుకున్నారు. క్యాన్సర్‌తో కన్నుమూసిన బసవతారకం పేరిట ఎన్టీ రామారావు తలపెట్టిన ఆసుపత్రి 2000లో బంజారాహిల్స్‌లో మొదలైంది. ఒక పేరులో అన్నం ఉంది, ఇంకొక పేరు మీద ఆసుపత్రి ఉంది. అలాంటి ఆసుపత్రుల్లో పేగుకు ఆపరేషన్ అయి, పొట్ట మీద స్టోమాతో, దానికి అంటించిన సంచితో ఇంటికొచ్చేవాళ్లు మన మధ్య ఎందరో ఉన్నారు. పేగు కొసను పొట్ట గోడలోంచి బయటికి తెచ్చి, మలం పోవడానికి వేరే దారి చేస్తారు, అదే స్టోమా. ప్రాణం నిలుస్తుంది. ఆకలి మాత్రం అంత తొందరగా తిరిగి రాదు.

అందుకు మందులూ నీరసమూ మాత్రమే కారణం కాదు. భయం కూడా. తింటే సంచి నిండుతుంది, వాసన వస్తుందేమో, కారుతుందేమో! అందుకే కంచం ముందు చెయ్యి ఆగిపోతుంది. నిజానికి కడుపు మాడ్చుకుంటే గ్యాసు ఇంకా పెరుగుతుంది. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేసుకుంటే బెంగ ఉండదు. పైకి అనలేని భయం మరొకటుంది: "నేనిక దేవుడి గదిలోకి వెళ్లొచ్చా?" ఒకే ప్రాంగణంలో ఎందరో దేవుళ్లున్న ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం నాలుగడుగుల దూరంలోనే ఉన్నా, గడప దాటడం మానేస్తారు.

గీత 15వ అధ్యాయంలో కృష్ణుడు, ప్రాణుల దేహాల్లో వైశ్వానరాగ్నిగా ఉండి నాలుగు విధాల అన్నాన్ని అరిగించేది తానేనంటాడు. కోత పడిన కడుపును ఆయన విడిచి వెళ్లలేదు. మలం అందరి పొట్టల్లోనూ ఉంటుంది. అలాగే గర్భగుడి ముందు నిలబడుతున్నాం. వీళ్లకు అది బయటికొచ్చే దారి మారింది, అంతే. ఇందులో అశుచి ఏముంది?

అందుకే ఆ పొట్టకు పెట్టే ముద్దను నైవేద్యం అనుకోమంటాను. నైవేద్యాన్ని ఎవరూ దేవుడి నోట్లో కుక్కరు. "ఇంకొక్క ముద్ద, నా మీద ఒట్టు" అని బతిమాలితే రోగికి అన్నమంటేనే విసుగొస్తుంది. రోజుకు ఐదారుసార్లు చిన్న గిన్నెలో పెట్టండి. మెత్తటి అన్నం, పెసరకట్టు, ఇడ్లీ, మాగిన అరటిపండు. గాయం మానాలన్నా కండ పట్టాలన్నా మాంసకృత్తులు కావాలి కనుక ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన చేప. మొదటి కొన్ని వారాలు పీచు తగ్గించాలి, బాగా నమిలి తినాలి. చిన్నపేగును బయటికి తెచ్చిన ఇలియోస్టమీ అయితే మరీ జాగ్రత్త. పచ్చికొబ్బరి, మొక్కజొన్న, ములక్కాడ పీచు దారికి అడ్డుపడొచ్చు. సంచిలోకి ఏమీ రాకపోయి, కడుపునొప్పి, వాంతులు మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇలియోస్టమీ అయినవాళ్ల ఒంట్లోంచి నీరూ ఉప్పూ ఎక్కువగా పోతాయి. ఒట్టి మంచినీళ్లతో ఆ లోటు తీరదు, డాక్టరు చెప్పిన మోతాదులో ఓఆర్‌ఎస్ ఇవ్వాలి.

కాశీలో శివుడు అన్నపూర్ణ ముందు భిక్షాపాత్ర చాచాడని చెప్పుకుంటాం. మరి ఆపరేషన్ అన్నపూర్ణకే అయితే? గరిటె ఆయన పట్టుకోవాలి. జబ్బుపడిన ఇల్లాలు తన జావ తానే కాచుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అది నాకు మింగుడుపడదు. ఇన్నేళ్లు వడ్డించిన చేతికి ఈ కొన్ని నెలలు వడ్డించడాన్ని సేవ అనడం కూడా ఎక్కువే, అది బాకీ. పక్కన కూర్చుని అదే పెరుగన్నం మీరూ తినండి.

కాస్త ఓపిక రాగానే గుడికి తీసుకెళ్లండి. బయల్దేరే ముందు సంచి ఖాళీ చేసి, ఇంకొకటి వెంట పెట్టుకుంటే చాలు. దర్శనం అయ్యాక మండపంలో కూర్చుని దద్దోజనం చెరి సగం తినొచ్చు. కొబ్బరి ముక్క మాత్రం మీరు తినేయండి.