స్మృతికి నెలవులు

మరచిపోవుట మానవునకు సహజము. అయినను మనుష్యుడు అన్నిటిని సమానముగ మరచునా యనిన, అట్లు కానరాదు. ముప్పది యేండ్ల క్రితము పెండ్లిపందిటిలో ఒకరు పలికిన పరుషవాక్యము, ఆ యింటి గడప త్రొక్కినంతనే నిన్నటిదివలె మనస్సున మెదలును. ఆ యింటనే ఆకలిగొన్ననాడు అన్నము పెట్టిన చేయి మాత్రము తలపునకు రాదు. ప్రాతఃకాలమున శ్రద్ధతో చదివిన శ్లోకము సాయంకాలమునకు జారిపోవును. ఎవ్వరును నేర్పని పగ పదిలముగ నిలిచియుండును. జ్ఞాపకశక్తి పుట్టుకతో వచ్చు భాగ్యమా, అభ్యాసముచే సాధింపదగిన విద్యయా? విద్యయే యైనచో దానిని దేనికొరకు వినియోగింపవలయును? ఇది విచారింపదగిన విషయము.

పతంజలి మహర్షి యోగసూత్రములలో స్మృతిని అయిదు చిత్తవృత్తులలో నొకటిగ పరిగణించి, అనుభవించిన విషయము జారిపోకుండుటయే స్మృతి యని నిర్వచించెను. నైయాయికులు దాని పుట్టుకను గూర్చి విచారించిరి. అనుభవము గతించినను దాని సంస్కారము ఆత్మయందు నిలిచియుండును. దానిని మేలుకొలుపు నిమిత్తము కలిగినప్పుడే స్మృతి పుట్టును. నివురుగప్పిన నిప్పు గాలి తగిలిననే గాని వెలుగదు గదా! అట్టి నిమిత్తములను గౌతమముని న్యాయసూత్రముల మూడవ అధ్యాయమున రెండవ ఆహ్నికమునందు ఇరువదికి పైగా లెక్కించెను. మనస్సును నిలుపుట, అభ్యాసము, పోలిక, ఆశ్రయము, ఎడబాటు మొదలగునవి అందులోనివి. సుఖదుఃఖములు, రాగద్వేషములు, భయము కూడ ఆ వరుసలోనివే. కనుక మరచినవాడు ధనమును పోగొట్టుకొన్నవాడు కాడు. పెట్టె తాళపుచెవిని పోగొట్టుకొన్నవాడు.

ఆ నిమిత్తములలో 'నిబంధము' అనునది యొకటి. భాష్యకారుడైన వాత్స్యాయనుడు దానికి రెండర్థములు చెప్పెను. ఒకే గ్రంథమున కూర్పబడిన విషయములు ఒకదాని నొకటి తలపునకు తెచ్చుట మొదటిది. ధారణాశాస్త్రము చెప్పిన విధమున, బాగుగా తెలిసిన వస్తువులయందు స్మరింపవలసినవానిని నిక్షేపించుట రెండవది. ఈ రెండవ యర్థము మిక్కిలి గమనింపదగినది. క్రొత్త విషయమునకు మనస్సులో ఇంకను చోటు ఏర్పడలేదు. ప్రాత వస్తువునకు చోటు స్థిరపడియున్నది. క్రొత్తదానిని ప్రాతదాని చెంత కూర్చుండబెట్టినచో, ప్రాతది కనబడినప్పుడెల్ల క్రొత్తదియు కనబడును. ఊరికి క్రొత్తగా వచ్చినవాని యిల్లు చెప్పవలసివచ్చినప్పుడు "రావిచెట్టు ప్రక్కది" యని చెప్పుట లోకమున లేదా?

ఈ విద్య యవనులకును తెలిసినదే. సిసెరో అను రోమను వక్త క్రీ.పూ. 55లో వక్తృత్వమును గూర్చి రచించిన గ్రంథమున సిమొనిడీస్ అను గ్రీకుకవి కథను చెప్పెను. థెస్సలీ సీమలో ఒక ప్రభువు ఇంట విందు జరుగుచుండగా, ఎవరో పిలుచుచున్నారని విని ఆ కవి వెలుపలికి వచ్చెను. అంతలో ఇంటికప్పు కూలి లోపలివారందరు మరణించిరి. శవములు గుర్తుపట్టరాకుండెను. ఎవరెచ్చట కూర్చుండిరో కవికి జ్ఞాపకముండుటచే, ఎవరివారిని వారికి చూపగలిగెను. స్థానక్రమమే స్మృతికి దీపమని అతడు నాడు గ్రహించెనట. ఈ కథలో విస్మరింపరాని యంశ మొకటి కలదు. ఆ విద్య తొలుదొల్త ఉపకరించినది సభలో మెప్పు పొందుటకు కాదు. మృతులకు అంత్యక్రియలు జరుపుటకు.

మన పెద్దలును శాస్త్రములను నెలవులయందు నిలిపిరి. ఆరు వేదాంగములను వల్లించుటతో తృప్తినొందక, పాణినీయశిక్ష వానిని వేదపురుషుని శరీరమున అమర్చినది. ఛందస్సు పాదములు, కల్పము హస్తములు, జ్యోతిషము నేత్రములు, నిరుక్తము శ్రోత్రములు, శిక్ష నాసిక, వ్యాకరణము ముఖము. శరీరముకంటె సుపరిచితమైన చోటు ఎవనికి కలదు? తైత్తిరీయసంహితను అధ్యయనము చేయువారు అనువాకమును ఏబదేసి పదముల పనసలుగ విభజించుకొని, అనువాకాంతమున గుర్తుపదములను, మిగిలిన పదముల సంఖ్యను పఠింతురు. అవి పొలమునకు గట్టువంటివి. ఒక్క పదము జారినను లెక్క పట్టియిచ్చును. శతావధానములలో నూరుగురు పృచ్ఛకులు వరుసదీరి కూర్చుండగా, ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చొప్పున చెప్పుచు నాలుగు ఆవృత్తులలో పద్యములను పూరించి, తుదకు ఆ వరుసననే అన్నిటిని అప్పజెప్పుట తెలుగుదేశమున సుప్రసిద్ధము. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) గార్లు ఈ విద్యకు ఊరూర గౌరవము తెచ్చిరి.

ఇట్టి ఉపాయములు కేవలము యుక్తులనియు, శాస్త్రార్థమును గోడకును గుమ్మమునకును కట్టుట దానిని చిన్నబుచ్చుట యనియు కొందరు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణలో కొంత సత్యము కలదు. అర్థ మెరుగక వేదమును వల్లించినవానిని బరువు మోయు స్తంభముతో యాస్కుడు నిరుక్తమున పోల్చెను. ఉపాయము విషయమును చేతికందించునే గాని తెలివి నీయదు. అయినను చేతికందని దానిని గూర్చి ఆలోచించుట యెట్లు? ధాన్యము గాదెలో నున్ననే గదా వంట జరుగుట! గాదె అన్నము కాదు. గాదె లేకున్న అన్నమును లేదు.

అసలు భయపడవలసినది మరియొకటి కలదు. గౌతముని వరుసలో అభ్యాసముతోపాటు ద్వేషమును చేరియున్నది. అభ్యాసమునకు ప్రయత్నము కావలయును, ద్వేషమునకు అక్కరలేదు. అది గురువు లేకయే ధారణావిద్య నేర్చినది. ఏ వీథిలో ఎవరు తలత్రిప్పుకొనిరో, ఏ పంక్తిలో ఎవరు తక్కువచేసిరో, ఆ యా తావులలో తానే నిక్షేపించి, ఆ తావు కనబడినంతనే తీసి చూపును. మనుష్యుడు స్మృతిని సాధన చేయకున్నను స్మృతి ఊరకుండదు. రాగద్వేషములు దానిని తమ పనికి వినియోగించుకొనును. శ్రీరామచంద్రుని గుణములను వర్ణించుచు వాల్మీకి అయోధ్యాకాండ మొదటి సర్గలో, ఆయన చేసిన మే లొక్కటియైనను దానితో సంతుష్టుడగుననియు, కీడులు నూరు చేసినను తలపడనియు చెప్పెను. మనస్సును వశపరచుకొన్నవా డగుటయే అందులకు కారణమని కూడ మహర్షి తెలిపెను. ఆ మరపు బలహీనత కాదు. అదియును ఒక సాధనమే.

స్మృతి బలముగ నున్నంత మాత్రమున ధర్మము నిలువదు. వ్యాసభారతమున దుష్యంతుడు శకుంతలను ఎరిగియుండియు, జ్ఞాపకము లేదని సభలో పలికెను. కాళిదాసు ఆతనికి శాపమును అడ్డుపెట్టి, ఉంగరము దొరకినపిమ్మట స్మృతిని, పశ్చాత్తాపమును కలిగించెను. సుందరకాండమునందలి సీతమ్మ మాట వీనికి భిన్నమైనది. అశోకవనమున హనుమ ఆనవాలు అడుగగా, ఆమె మొదట ఇచ్చినది ఆభరణము కాదు. చిత్రకూటమున రాముడు తన యొడిలో నిదురించినప్పుడు కాకి చేసిన బాధను, ఆయన దర్భను అస్త్రముగ సంధించిన విధమును చెప్పినది. తిలకము చెదరినప్పుడు ఆయన మణిశిలతో చెక్కిలిపై దిద్దిన ముచ్చటను కూడ గుర్తుచేసినది. చూడామణి కాకికథకు తరువాతిది. కష్టదశలో నున్న ఆ తల్లికి ఆధారమైనది ఒక కొండచెంత నిలిచిన అనురాగస్మృతి. దానిని ఎవరును అపహరింపజాలరు.

కావున సాధకుడు తన యింటినే ధారణకు క్షేత్రముగ చేసికొనవచ్చును. గీతలో పదునారవ అధ్యాయము దైవీసంపద క్రింద 26 గుణములను చెప్పినది. మొదటి శ్లోకములోనివి తొమ్మిది. వీథితలుపు గడియయందు అభయమును, కాళ్లు కడుగుకొను తొట్టియందు సత్త్వసంశుద్ధిని, స్థిరముగ కూర్చుండు అరుగున జ్ఞానయోగవ్యవస్థితిని, భిక్ష వేయు గుమ్మమున దానమును, భోజనపు పీటయందు దమమును, పొయ్యియందు యజ్ఞమును, పుస్తకముల గూటిలో స్వాధ్యాయమును, దేవతార్చనపీఠమున తపస్సును, పెరటిబావిలోనికి నిటారుగ దిగు చేదత్రాటియందు ఆర్జవమును నిలుపవలయును. వరుస తప్పరాదు, ఒక తావున ఒక దానినే ఉంచవలయును, దినమున కొకమారు మనస్సుతో ఆ దారి నడువవలయును. పరులు చెప్పిన గుర్తుకంటె తన జీవితమున అంటిన గుర్తు బలమైనది. అవ్వ చేతి చేదయే ఒకనికి ఆర్జవము కావచ్చును. తండ్రి వేసిన గడియచప్పుడే మరియొకనికి అభయము కావచ్చును. మేడలోని రెండుగదుల వాటాలో నుండువానికిని తొమ్మిది తావులు దొరకకపోవు. ఇట్లు చేసినవానికి శ్లోకము నోటికి వచ్చుటయే కాదు, పీట వాల్చినప్పుడెల్ల దమము, గుమ్మమున యాచకుడు నిలిచినప్పుడెల్ల దానము హెచ్చరించును. గుణము జ్ఞప్తికి రావలసిన చోటనే వచ్చుట సామాన్యలాభము కాదు.

పగ కాపురముండు తావులను విడువరాదు. అవమానము తలపునకు వచ్చు గడపయందే, ఆ యింటివారు చేసిన మేలును వెదకి నిక్షేపింపవలయును. మొదట పాతదే ముందు పలుకును. నడక మానకున్నచో క్రమముగ రెండవదియు పలుకనేర్చును.

నేడు సంఖ్యలను, పేరులను చేతిలోని యంత్రము భద్రపరచుచున్నది. అది తప్పు కాదు. కాని కృతజ్ఞతను యంత్రమునకు అప్పగింపరాదు. వయస్సు మీరి కన్ను, కాలు సహకరింపనినాడు మనుష్యుడు ఎక్కువగా నడచునది మనస్సులోని యింటనే. అప్పటికి ఆ గదులలో ఏమి యున్నదో అదియే వానికి తోడు. ఏది తోడు రావలయునో నిర్ణయించుకొను కాలము మాత్రము నేడే.