నిలిచిపోవుటకు కారణము

రాజ్యములు మనుష్యున కిచ్చు అనుమతులలో గడువు లేనిది దాదాపుగా లేదు. తుపాకి లైసెన్సునకును, అంగడి లైసెన్సునకును, దూరదేశమునకు పోవుటకిచ్చిన పత్రమునకును ఒక తేదీ యుండును. ఆ తేదీ లోపల మనుష్యుడు తన సంకల్పమును కార్యముగా మార్చుకొనవలెను, మార్చుకొనలేనిచో ఆ సంకల్పమే లేనివాడుగా లెక్కింపబడును. కాలము మాత్రము నడచుచు లోకమంతయు నడక మానిన 2020వ సంవత్సరమున, ఈ గడువు అనునది మనుష్యుని కాలమును కొలుచునా, లేక అతని మనస్సును కొలుచునా అని నేను పలుమారులు తలపోయవలసి వచ్చినది. అందులకు హేతువు, నెలకొండపల్లిలోని మా యింటి బీరువాలో, పట్టుచీరల నడుమ, అమ్మ పసుపుగుడ్డలో చుట్టి దాచిన యొక పాస్‌పోర్టు. దానితో పాటు, ఎవరును తెరువరాదని పైన వ్రాసి మూసిన యొక పెద్ద కవరు.

మా తమ్ముడు ఉద్యోగార్థము అమెరికాకు పోయి అచ్చటి పౌరసత్వము పొందినవాడు. నేను ఊరనే యుండి బడిపిల్లలకు చదువు చెప్పుచు కాలము గడపినవాడను. నాన్న పోయిన తరువాత అమ్మను కొంతకాలమైనను తన దగ్గర ఉంచుకొనవలెనని వాడు కోరినాడు. ఇరువది యొకటవ యేడు నిండిన పౌరుడు తన తల్లిదండ్రులను సంఖ్యా పరిమితి లేకుండ రప్పించుకొనవచ్చునని ఆ దేశపు 1965 నాటి చట్టము చెప్పుచున్నది. అంతకు ముందు 1952 నాటి చట్టములో ఆ హక్కు భార్యాభర్తలకును బిడ్డలకును మాత్రమే యుండి, తల్లిదండ్రులు కోటాలలో తమ వంతు కొరకు వేచియుండవలసినవారైరి. తమ్ముడు అర్జీ పెట్టినాడు. అది మంజూరై, న్యూ హ్యాంప్‌షైరు రాష్ట్రములోని నేషనల్ వీసా సెంటరుకు చేరినది. అచ్చట నుండి కాగితముల పని మా యింటికి దిగినది. అమ్మ పుట్టిననాటికి పల్లెలలో జనన మరణముల నమోదు సరిగా లేదు గనుక, ఆమె జననము రికార్డులలో లేదను ధ్రువపత్రమొకటి, ఆమె పుట్టుక నెరిగిన పెద్దల ప్రమాణపత్రములు రెండు కావలసి వచ్చినవి. మా పెద్దమామయ్య నోటరీ యెదుట కూర్చుండి, తన చెల్లెలు ఫలానా యింట, నాట్లు పడుచున్న రోజులలో పుట్టినదని చెప్పి, వణకుచున్న చేతితో సంతకము చేసినాడు. డెబ్బదియేండ్లు దాటిన స్త్రీ తాను పుట్టితినని రుజువు చేసికొనుటకు అన్నగారి జ్ఞాపకము తప్ప వేరొక యాధారము లేకపోవుట, ఆ జ్ఞాపకమును ఖండాంతరమందున్న రాజ్యము కూడ నమ్ముట నాకు ఆనాడు గొప్ప విషయముగా తోచినది. ఇప్పటికిని అట్లే తోచుచున్నది.

హైదరాబాదులో 2008 నుండి అమెరికా కాన్సులేటు ఉన్నను, శాశ్వత నివాసమునకు పోవు వారి వీసాలు ఆనాడు అచ్చట ఇయ్యకుండిరి, ముంబయి పోవలసియుండెను. 2019 అక్టోబరులో వైద్యపరీక్షయు, పిమ్మట ముంబయిలో ఇంటర్వ్యూయు ముగిసి వీసా వచ్చినది. ఈ వీసాకు ఆయుర్దాయము వైద్యపరీక్షతో ముడిపడియుండును: పరీక్ష ఆరు నెలలు చెల్లును గనుక వీసాయు అంతకు మించి చెల్లదు. ఆ లోపల ఒక్కమారు అమెరికా గడప తొక్కిన చాలును, ఆ దినము నుండి ఆమె అచ్చటి శాశ్వత నివాసి. తొక్కనిచో పాస్‌పోర్టులో అతికించిన ఆ కాగితము వట్టి కాగితము. అమ్మ వీసాకు గడువు ఏప్రిల్ నెల నడుమ తీరును.

అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు ఆమె ఎందులకు ఉండిపోయినది? సంక్రాంతికి ఆడపడుచులు వత్తురనియు, మనుమరాలి పరీక్షలనియు కారణములు పెక్కు చెప్పినది గాని, అసలు కారణమొక్కటియే. "రాములోరి కల్యాణం చూసుకొని పోతనురా. మళ్లెప్పుడు చూస్తనో ఏమో" అన్నది. ఆ కల్యాణము జరుగు భద్రాచలము 2016లో వేరొక జిల్లాలో చేరినను నెలకొండపల్లి వారికి పరాయి ఊరు కాలేదు. ఆ కోవెల కట్టించిన కంచెర్ల గోపన్న, అనగా రామదాసు, పుట్టినది మా ఊరనే. బాలసముద్రపు చెరువును, విరాటరాజు కథలతో పెనవైచుకొన్న బౌద్ధస్తూపమును చూపుటకు ముందు మా వారు అతిథులకు రామదాసు ధ్యానమందిరమునే చూపుదురు. అమ్మ పెండ్లియైన నాటి నుండి, కాన్పులకు మంచమెక్కిన యేండ్లు తప్ప, నవమికి ఖమ్మము మీదుగా బస్సెక్కి పోయి, ఎండలో నిలిచి కల్యాణము చూచి, కొంగున తలంబ్రాలు ముడివేసికొని వచ్చినది. ఆ యేడు నవమి ఏప్రిల్ 2. నవమి వెళ్లిన మూడవనాటికి తమ్ముడు టికెట్టు కొన్నాడు. గడువునకు ఇంకను వారమునకు పైగా మిగిలియుండెను. మేమందరము తగిన జాగ్రత్తయే యనుకొంటిమి.

ఇంతలో కోవిడు వచ్చిపడి, మార్చి 16న మన దేశములో అమెరికా వీసా పనులు నిలిచినవి. 22 నుండి విదేశ విమానములు నిలిచినవి. 25 నుండి దేశమే నిలిచినది. ఆ సంవత్సరము భద్రాద్రిలో కల్యాణము భక్తులు లేకుండ, కొలదిమంది అర్చకులు, అధికారుల నడుమ ఆలయములోనే జరిగినది. అమ్మ టీవీ యెదుట చాప పరచుకొని కూర్చుండి, జీలకర్ర బెల్లము వేళకు లేచి నిలుచుండి, మాంగల్యధారణ వేళకు చేతనున్న అక్షతలు తెరమీదికి చల్లినది. రెండు వారములలో వీసా గడువు తీరినది.

గడువు తీరిన వారము దినములకు, ఏప్రిల్ 23 నుండి, అమెరికా అధ్యక్షుని ప్రకటన యొకటి అమలులోనికి వచ్చినది. ఉపద్రవము వలన పనులు పోగొట్టుకొన్న తమ ప్రజల యుద్యోగములను కాపాడుటకై, ఆ దినమున చెల్లుబాటయ్యెడి వలస వీసా చేతలేని విదేశీయుల రాకను ఆపుచున్నామని దాని తాత్పర్యము. పౌరుల భార్యలకును భర్తలకును, 21 యేండ్లు నిండని బిడ్డలకును మినహాయింపు గలదు, తల్లిదండ్రులకు లేదు. రెండుసార్లు పొడిగింపబడి, 2021 ఫిబ్రవరి 24న కొత్త అధ్యక్షుడు రద్దు చేయువరకు ఆ యాంక్ష నిలిచినది. పప్పు ఏరుచు కూర్చుండు మా అమ్మ ఎవరి యుద్యోగమును హరింపగలదో నాకు తెలియలేదు. అయినను నన్ను కలచినది ఆంక్షకన్న మినహాయింపుల వరుస. ఆపద వచ్చినప్పుడు ఎవరిని లోపల ఉంచుకొని ఎవరిని వాకిట నిలుపుదుమను దానిలో ఏ సమాజమైనను కుటుంబమనగా తన మనస్సులో నిజముగా ఎవరెవరున్నారో చెప్పుకొనును. 1965లో లోపలికి పిలువబడిన తల్లిదండ్రులు 2020లో మరల వాకిటికి పోయిరి. ఇది ఆ దేశమునకు మాత్రమే చెందిన గుణమని నేననను; కొడుకులు పెద్దవారైన తరువాత తల్లి ఏ యింటి మనిషియో తేల్చుకొనని కుటుంబములు మన మండలములోను ఉన్నవి. కాని దానిని రాజముద్రతో వ్రాసి చూపినప్పుడు కలుగు బాధ వేరు.

ఆంక్ష తొలగునప్పటికి మన వైపున రెండవ ఉప్పెన లేచినది. 2021 నవమి కూడ భక్తులు లేకుండనే గడచినది. మే నెల మొదట వీసా పనులు మరల నిలిచినవి. 12 నుండి తెలంగాణలో లాక్‌డౌన్. ఆ మే నెలలోనే, అమ్మ పుట్టుకకు సాక్ష్యమిచ్చిన పెద్దమామయ్య ఖమ్మములో ఆక్సిజన్ మీద కొన్ని దినములుండి పోయినాడు. కడసారి చూపు అమ్మకు దొరకలేదు. ఆమె ఊరు విడువక యుండియు, ఇరువది కిలోమీటర్ల చిల్లర దూరమున నున్న అన్నను చూడలేకపోయినది. ఇక సముద్రముల కావలి కొడుకు మాట యేమి?

గడువు తీరిన వీసాకు బదులు మరియొకటి ఇయ్యవచ్చునని నిబంధన కలదు. పాత వీసాను, దానితో వచ్చి తెరువక దాచిన ఆ కవరును తిరిగి యియ్యవలెను. దరఖాస్తు కొత్తగా నింపవలెను. 325 డాలర్ల రుసుము మరల కట్టవలెను. వైద్యపరీక్ష మరల చేయించుకొనవలెను, 2021 అక్టోబరు 1 నుండి 2025 వరకు కోవిడు టీకాయు అందులో చేరియుండెను. ఇవన్నియు కాలమును ధనమును వెచ్చించిన తీరునవి. తీరనిది ఒక్క షరతు: వీసాను గడువులోపల వాడుకొనలేకపోవుటకు కారణము ఆ మనిషి వశములో లేనిదై, దానికి ఆ మనిషి బాధ్యురాలు గానిదై యుండవలెను.

ఈ వాక్యమును చదివి నేను చాలసేపు ముందునకు పోలేకపోతిని. ఆనుశాసనిక పర్వములో ధర్మరాజు భీష్ముని దైవము పురుషకారములలో ఏది ప్రబలమని యడుగును. పొలమును విత్తనమును చూపి, రెండును కూడినగాని పంట లేదని ఆ వృద్ధుడు చెప్పును. అంపశయ్యమీది మహాజ్ఞాని వేరు చేయలేని రెంటిని వేరు చేసి పత్రముపై వ్రాయుమని ఈ నిబంధన అడుగుచున్నది. అక్టోబరు నుండి మార్చి వరకు అమ్మ ఉన్నది తన యిష్టమున. మార్చి 22 తరువాత ఉన్నది లోకము కట్టడి వలన. ఆ యిష్టము లేకున్నచో ఆ కట్టడి ఆమెకు తగులకయే యుండెడిది. కొడుకు దగ్గరకు పోవలెనను కోరికయు, మరల చూతునో లేదో యను దిగులుతో ఊరును పట్టుకొని యుండుటయు ఒక్క హృదయమున ఒక్కసారే ఉన్నవి. అందులో ఏది ఆమె వశము, ఏది కాదు?

ఈ చిక్కు మా ఊరికి కొత్త కాదు. పాల్వంచ పరగణా తహశీలుదారుగా వసూలు చేసిన పన్నుసొమ్ముతో గోపన్న కోవెల కట్టించినాడని గోలకొండలో చెరబెట్టినప్పుడు, తానీషా కొలువు అడిగినదియు కర్తృత్వమునే: ఇది నీవు చేసినదా, మరియొకరు చేయించినదా? చెరలో కూర్చుండి ఏ నగకు ఎంతయైనదో రామునికే లెక్క చెప్పి నిందించి, ఆ వెంటనే దెబ్బలకు తాళలేక తిట్టితినని మన్నింపు వేడుకొన్న ఆ భక్తుడు, చేసినవాడు తానే యనుటకును చేయించినవాడు రాముడే యనుటకును నడుమ గీత గీయలేదు. ఆ గీత గీయని నిజాయితీ వలననే ఆయన పాటను నేటికిని నమ్ముచున్నాము.

అయినను అర్జీలో నేను వ్రాసినది విమానముల తేదీయే. అది సత్యము, అడిగినంత మేరకు సంపూర్ణ సత్యము. ముంబయికి పోవు రైలులో అమ్మకును అదే చెప్పితిని: "ఎందుకు పోలేదని అడిగితే విమానాలు ఆగినయి అని చెప్పమ్మా." కాన్సులేటు లోపలికి ఆమె యొక్కతెయే పోయినది. వెలుపలికి వచ్చిన తరువాత, ఏమడిగిరని నేనడుగగా, తెలుగు తెలిసిన మనిషి నడుమ నుండి మాట చేరవేసినదని చెప్పి, "రాములోరి కల్యాణం చూసి పోదామనుకున్ననయ్యా, ఆయనే తలుపులేసుకొని పెండ్లి చేసుకున్నడు, నేనేడికి పోయేది అని చెప్పిన" అన్నది. "మరి విమానాల సంగతి?" అంటిని. "అది వాళ్లకు తెల్వదా?" అన్నది. కిటికీకి ఆవలనున్న అధికారి ఆ మాటను ఏ గడిలో ఎట్లు నమోదు చేసికొన్నదో తెలియదు. వీసా మాత్రము కొన్ని దినములకు వచ్చినది. నేను పక్కకు నెట్టిన సగమును అమ్మ ముందు చెప్పినది. ఆ సగమును విని కూడ అనుమతించిన ఆ యపరిచితురాలిని నేను గౌరవముతో తలచుకొందును.

రాజ్యములు తలచుకొన్నచో గడియారము నాపగలవని ఆ సంవత్సరమే రుజువైనది. మన దేశమున చిక్కుకొన్న విదేశీయుల వీసాలను మన హోంశాఖ రుసుము లేకుండ పొడిగించినది. విమానములు మరల నడచిన తరువాత ముప్పది దినముల వరకు అవి చెల్లునని 2020 జూనులో చెప్పినది. ఏ యొక్కరిని పిలిచి నీవు ఉండిపోవుటలో నీ తప్పెంత యని యడుగలేదు. ప్రయాణము చేయలేని దినములను గడువులో లెక్కింపకుండుటకు దయ కూడ అక్కరలేదు, లెక్క సరిగా వేసిన చాలును. పౌరుల తల్లిదండ్రుల విషయమున అమెరికా ఇంతమాత్రము చేసియున్నచో, ఎన్ని యిండ్లలోనో ఆ కవరు బీరువాలో మగ్గియుండెడిది కాదు.

అమ్మ వెళ్లినది, పచ్చకార్డు వచ్చినది. ఆ కార్డుకు పదియేండ్ల గడువు గలదు గాని, ఆ దేశము వెలుపల ఏడాదికి మించి యున్నచో దానితో మరల ప్రవేశము లేదు. తిరిగి వచ్చు నివాసి వీసా యని మరియొకటి కోరవలెను, దానికిని అదే ప్రశ్న, నీవు నిలిచిపోవుటకు కారణము నీ వశమునదా కాదా యని. తమ్ముడు ఈ సంగతి వివరించి చెప్పగా అమ్మ కొంతసేపు లెక్కలు వేసికొని, "అట్లయితే ఏడాది నిండకుండనే వచ్చి పోతుంట. కాని ఏ నెలల వచ్చేది మాత్రం నేను చెప్త, టికెట్టు మీరు కొనాలె" అన్నది.