ప్రేమ సరే, ఏర్పాటు ఏది?

రోడ్డు మీద దిక్కులేకుండా తిరుగుతున్న పమేరియన్‌ని ఎవరో చేరదీసి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే సాయంత్రానికల్లా ‘మాకివ్వండి’ అంటూ ఫోన్లు మొదలవుతాయి. అదే చోట ఉన్న నాటు కుక్కపిల్లల కోసం అడిగేవాళ్ళు మాత్రం అరుదు. అందువల్ల చిన్నజాతి కుక్కను కాపాడినవాళ్ళకు ఎదురయ్యే చిక్కు వేరు. అడిగినవాళ్ళలో ఎవరి ఇల్లు దాని చివరి రోజు వరకూ నిలుస్తుందో వాళ్ళు తేల్చుకోవాలి. ఇలాంటప్పుడు మనం సాధారణంగా పట్టుకునే కొలత ప్రేమ. ‘మాకు కుక్కలంటే ప్రాణం’ అని ఎవరు మనసారా చెబితే వాళ్ళ వైపు మొగ్గుతాం. ఆ కొలత చాలదని నా వాదన. చూడవలసినవి రెండు: ఆ ఇంట్లో కుక్కకు మామూలు రోజు ఎలా గడుస్తుంది, ఆ ఇంటికి గడ్డురోజు వస్తే కుక్క ఎవరి చేతిలో ఉంటుంది. ఈ రెంటికీ జవాబున్న ఇల్లే సరైన ఇల్లు. ప్రేమ ఆ జవాబులు వెతికేలా చేయగలదు గానీ, వాటి స్థానంలో తాను నిలబడలేదు.

వీధిన పడ్డ చిన్నజాతి కుక్కలే ఇందుకు సాక్ష్యం. ఇవి వీధిలో పుట్టేవి కావు. ఎవరో ముచ్చటపడి కొన్నవో, పుట్టినరోజుకు కానుకగా వచ్చినవో, పిల్లల్ని పెట్టించడానికి పెంచి పనికిరావని వదిలేసినవో అయి ఉంటాయి. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్‌ని దేశమంతా ముద్దుచేసింది. మన ఊళ్ళలో ఆ జాతికి ‘హచ్ కుక్క’ అన్న పేరే స్థిరపడింది. ఆ ముచ్చటకు కారణమైన చప్పిడి ముక్కే దానికి శాపం. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లో వేడిని బయటికి పంపుతుంది. ముక్కూ గొంతూ ఇరుకైన పగ్‌కి ఆ పని సరిగా సాగదు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ 45 డిగ్రీలకు చేరిన రోజున కరెంటు పోతే, అది గురకలాంటి చప్పుడు చేస్తూ చల్లటి నేల వెతుక్కుని పొట్ట ఆనించి పడుకుంటుంది. నాలుక నీలం తిరిగితే ప్రాణం మీదికి వచ్చినట్టే. షిట్జూ సంగతి ఇంకొకటి. దాని వెంట్రుకలు పెరుగుతూనే ఉంటాయి. పైపైన దువ్వితే నిగనిగలాడుతుంది. చెవుల వెనకా చంకల్లోనూ మాత్రం చిక్కుపడి, అట్టకట్టి, చర్మాన్ని లాగుతుంటాయి. ఆ అట్ట కింద తడి నిలిచి పుండవుతుంది. వేళ్ళు లోపలికి పెట్టి తడిమితే తప్ప అది తెలియదు. అలా రోజూ తడిమి చూసే ఓపిక ఉన్నవాళ్ళ ఇల్లు కావాలి దానికి.

‘చిన్నదే కదా, దానికేం కావాలి’ అన్న మాట వింటే మంచి మాటలాగే ఉంటుంది. చాలా పొరపాట్లకు మూలం కూడా అదే. చిన్న కుక్క తక్కువ తింటుంది, తక్కువ చోటు పడుతుంది; అక్కడితో దాని చిన్నతనం అయిపోతుంది. పమేరియన్ వంటి జాతుల్లో మోకాలిచిప్ప పక్కకు జారడం మామూలు. సోఫా మీది నుంచి పదేపదే దూకితే నొప్పి ముదురుతుంది. శ్వాసనాళం మెత్తబడి అణిగిపోయే జబ్బూ ఈ జాతుల్లో ఎక్కువే. అలాంటిదాన్ని మెడపట్టీకి గొలుసు తగిలించి లాగితే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, కాబట్టి ఛాతీ చుట్టూ వేసే పట్టీ కావాలి. చిన్న దవడలో పళ్ళు కిక్కిరిసి ఉంటాయి, గార పడుతుంది, నడివయసుకే ఊడడం మొదలుపెడతాయి. గేటు చువ్వల సందు పెద్ద కుక్కను ఆపుతుంది గానీ దీన్ని ఆపదు. దీపావళి నాడు మొదటి బాంబు పేలగానే అది ఆ సందులోంచి దూరి పారిపోతే ఇక దొరకడం కష్టం. అయిదేళ్ళ పిల్లాడు ప్రేమతోనే చంకన వేసుకుని పరిగెత్తుతాడు, జారవిడిస్తే దాని కాలు విరుగుతుంది. వీటన్నిటికీ తోడు ఆయువు: చిన్నజాతి కుక్కలు పన్నెండు పదిహేనేళ్ళు బతకడం మామూలు. అయిదో తరగతి పిల్ల సరదాపడి తెచ్చుకున్న కుక్క, ఆ పిల్ల ఉద్యోగంలో చేరే నాటికి చూపు మందగించి ఇంట్లోనే తచ్చాడుతూ ఉంటుంది. ఆ వయసులో దాన్ని కడిగి, తుడిచి, మందు వేసేది ఎవరో ఈ రోజే తెలిసి ఉండాలి.

కుక్క మనసు గురించి శాస్త్రం చెప్పింది కూడా ఇక్కడ పనికొస్తుంది. పసిపిల్లలకూ తల్లులకూ మధ్య బంధాన్ని కొలవడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు వాడే పరీక్షనే 1998లో హంగరీ పరిశోధకులు కుక్కలకు పెట్టారు. కొత్త గదిలో యజమాని ఉన్నప్పుడు ధైర్యంగా తిరిగిన కుక్కలు, ఆయన బయటికి వెళ్ళగానే ఆట మాని తలుపు దగ్గర నిలబడ్డాయి. 2001లో వాళ్ళే షెల్టర్లలో ఉన్న పెద్ద కుక్కలను పరీక్షించారు. ఒక మనిషి మూడు విడతలుగా, విడతకు పది నిమిషాల చొప్పున దగ్గర కూర్చుని ఆడించి నిమిరితే చాలు, వాటిలో ఆ మనిషి పట్ల అలాంటి బంధం కనిపించింది. ఈ ఫలితాన్ని రెండు రకాలుగా చదవాలి. ముందు ఇది ఊరట. పెద్దదైన కుక్క కొత్తవాళ్ళకు అలవాటు పడదన్న భయం అక్కర్లేదు. ఆరేళ్ళ కుక్కను తెచ్చుకున్నా అది మనదవుతుంది. ఆ వెంటనే ఇదొక హెచ్చరిక. అరగంటకే అల్లుకునే ప్రాణిని ‘వారం రోజులు చూసి, కుదరకపోతే తిరిగి ఇచ్చేస్తాం’ అని తీసుకెళితే, ఆ వారం మనకు పరీక్ష కావచ్చు గానీ దానికి అప్పటికే అది ఇల్లు. షెల్టర్‌కు వచ్చిన తొలి మూడు రోజుల్లో కుక్కల రక్తంలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ ఎక్కువగా ఉంటుందని 1990లలో అమెరికాలో జరిగిన అధ్యయనాలు తేల్చాయి. తిప్పి పంపిన ప్రతిసారీ కుక్క ఆ తొలి రోజుల బాధ మళ్ళీ మొదటి నుంచి పడాలి. అందుకే ఆలోచించవలసిందంతా ఇవ్వక ముందే ఆలోచించాలి.

ఇక గడ్డురోజు. మన ఇళ్ళలో కుక్కను వదులుకునే సందర్భాలు ఊహకు అందనివేమీ కావు. కొడుక్కి వీసా వస్తుంది. కూతురి కాన్పుకని అమ్మానాన్నా ఆరు నెలలు అమెరికా వెళతారు. బెంగళూరుకు బదిలీ అవుతుంది, అక్కడి ఇంటి ఓనరు కుక్క వద్దంటాడు. కోడలు నెల తప్పగానే ఇంట్లో పెద్దలు కుక్క వెంట్రుకల గురించి కంగారుపడతారు. ఇవి ఏ ఇంటికైనా వచ్చేవే కాబట్టి వీటి గురించి ముందే అడగడం అవమానించడం కాదు. ఆ రోజున చట్టం కుక్కను కాపాడుతుందా అంటే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం నేరమే. మొదటి తప్పుకు జరిమానా మాత్రం 10 రూపాయల నుంచి 50 రూపాయలు. రేబిస్ టీకా ఒక్క డోసుకు కూడా అది సరిపోదు. వీధిలో పుట్టిన కుక్కకు తన వీధి ఉంటుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు ఆపరేషనూ టీకా అయ్యాక దాన్ని మళ్ళీ అక్కడికే చేర్చమంటాయి. ఇంట్లో పెరిగిన షిట్జూకు అలాంటి చోటే లేదు. ఏ వీధిలో దిగినా అది అక్కడి కుక్కలకు పరాయిదే. చట్టం బలహీనం, వీధి కఠినం. ఇక దానికి మిగిలిన రక్ష, ఇల్లు ఎంచే మనిషి వివేకం.

మన భారతంలో మహాప్రస్థాన ఘట్టాన్ని కుక్క మీద ప్రేమకు ఉదాహరణగా చెబుతుంటారు. నాకు అందులో ప్రేమ కంటే గట్టిదే కనిపిస్తుంది. ఆ కుక్కను ధర్మరాజు ఎంచుకోలేదు, ముచ్చటపడి తెచ్చుకోలేదు. అది హస్తినాపురం నుంచి వెంట నడిచి వచ్చింది. కుక్కను వదిలి రథమెక్కమని ఇంద్రుడు అన్నప్పుడు, నమ్మి వెంట వచ్చినదాన్ని వదలడం మహాపాపమని ఆయన స్వర్గాన్నే కాదనుకున్నాడు. ఆయన బాధ్యత ఆయన ఇష్టం నుంచి పుట్టలేదు, కుక్క ఆధారపడడం నుంచి పుట్టింది. ఇష్టం తగ్గవచ్చు, ఆధారపడడం కుక్క బతికినన్నాళ్ళూ తగ్గదు. మనుషుల దత్తతలో కూడా ఆలోచన ఈ దిక్కుకే తిరిగింది. ఒకప్పుడు దత్తత వంశం నిలవడానికి, పిండం పెట్టడానికి. అంటే తీసుకునేవాళ్ళ అవసరం కోసం. ఈనాటి దత్తత చట్టాలు బిడ్డ మేలునే ముందు పెట్టి, ఇల్లు చూసి నివేదిక రాయనిదే బిడ్డను అప్పగించవు. కుక్కా బిడ్డా ఒకటని నేననడం లేదు. నోరు విప్పి అడగలేని ప్రాణిని అప్పగించేటప్పుడు దాని మేలు నుంచి లెక్క మొదలుపెట్టాలన్న సూత్రం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇంత కచ్చితంగా ఉంటే కుక్కలు షెల్టర్లలోనే ముసలివైపోతాయన్న అభ్యంతరం బలమైనది. కొందరు ఇచ్చేవాళ్ళు నిజంగానే సొంత ఇల్లుండాలి, జీతం ఇంతుండాలి, ఉద్యోగం చేసే ఒంటరి మనిషి కాకూడదు అని షరతుల మీద షరతులు పెడతారు. అవి నేను చెప్పే రెండు ప్రశ్నలూ కావు. హోదాను కొలిచే గుర్తులు. మామూలు రోజును కొలతగా పెట్టుకుంటే షరతులు తగ్గుతాయి, పేదవాడి తలుపు కూడా తెరుచుకుంటుంది. పగలంతా బాల్కనీలో కట్టేసే డూప్లెక్స్ ఇంటి కంటే, రోజంతా మిషను ముందు కూర్చుని బట్టలు కుట్టే మనిషి ఉన్న ఒంటిగది వాటా కుక్కకు మేలు. వైద్యం ఖర్చు మాటేమిటంటే, ప్రభుత్వ పశువైద్యశాలలు ఉన్నాయి; హైదరాబాద్ నారాయణగూడలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రే ఉంది. పాశ్చర్ తొలి రేబిస్ టీకా వేసిన జూలై 6న ఏటా చాలాచోట్ల ఆ టీకా ఉచితంగా వేస్తారు. డబ్బు అసలు లెక్కలోకి రాదని కాదు, అది మొదటి లెక్క కాదు. ఒక్క షరతు మాత్రం సడలించకూడదు: ఇచ్చే ముందే సంతాన నిరోధక ఆపరేషన్ కావాలి. చిన్నజాతి ఆడకుక్కను పిల్లల వ్యాపారం కోసం అడిగేవాళ్ళు దయగల మాటలతోనే వస్తారు. ఆ ఆపరేషన్ అయిందని తెలిస్తే వాళ్ళు రెండోసారి ఫోన్ చేయరు.

రేపేమవుతుందో తెలియని మనిషి ‘జీవితాంతం’ అని ఎలా మాటివ్వగలడు అన్నది రెండో అభ్యంతరం. నిజమే, ఎవరూ ఇవ్వలేరు. శాశ్వతమైన ఇల్లంటే మార్పు రాని ఇల్లని అర్థమైతే అలాంటి ఇల్లు లోకంలోనే లేదు. మార్పు వచ్చినప్పుడు కుక్కను రోడ్డు మీద కాకుండా ఒక మనిషి చేతిలో పెట్టే ఏర్పాటు ఉంటే, అదే శాశ్వతం. అందుకే దత్తత కాగితంలో రెండో పేరు ఉండాలి: చెల్లెలో, స్నేహితుడో, పక్కవాటా వాళ్ళో, ‘వాళ్ళకు కుదరకపోతే నేను చూస్తాను’ అని సంతకం పెట్టినవాళ్ళు. అదీ కుదరనినాడు ఇచ్చినవాళ్ళకే తిరిగి అప్పగించాలన్న షరతు, ఆ రోజున నిష్ఠూరాలాడకుండా తీసుకుంటామన్న హామీ కూడా ఉండాలి. ఈ ఏర్పాటుంటే డెబ్బై ఏళ్ళ పెద్దమనిషిని వయసు పేరు చెప్పి తిప్పి పంపనక్కర్లేదు. నిదానంగా నడిచే ఎనిమిదేళ్ళ పమేరియన్‌కి, పొద్దుటే నిదానంగా నడిచే పెద్దాయన కంటే మంచి తోడు దొరకదు. కొడుకో కోడలో రెండో పేరు రాస్తే చాలు.

వీధికుక్కల వల్ల మనుషులు అల్లాడుతుంటే ఒక బొచ్చుకుక్క కోసం ఇంత తర్జనభర్జన ఏమిటన్నది మూడో అభ్యంతరం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల దాడికి నాలుగేళ్ళ పసివాడు బలైన సంగతి తెలిసినవాళ్ళు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేరు. నేనూ తీసుకోను. అయితే టీకా లేకుండా, ఆపరేషన్ లేకుండా ఇంట్లోంచి వీధిలోకి నెట్టిన ప్రతి కుక్కా ఆ సమస్యకు కలిసే కొత్త భారమే. వీధికుక్కలపై 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో సుప్రీంకోర్టు, కోరినవాళ్ళు వాటిని దత్తత తీసుకోవచ్చంటూనే, అవి తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్ళదేనని చెప్పింది. ఇక్కడ మనుషుల భద్రతా కుక్కల మేలూ ఎదురెదురుగా లేవు. నిలిచే ఇల్లు వెతకడం రెంటికీ కలిపి చేసే పని. ఆ వెతుకులాటలో మనకు అలవడే తీరు, అంటే నా మనసుకు ఏది హాయి అన్న ప్రశ్న పక్కనపెట్టి ఎదుటి ప్రాణికి ఏది అవసరం అని అడగడం, కుక్కల దగ్గరే ఆగిపోదు.

కాబట్టి అడిగేవాళ్ళూ ఇచ్చేవాళ్ళూ ఇద్దరూ కొంత వదులుకోవాలి. మనసారా కోరుకుంటూ కూడా ‘ఈ రెండేళ్ళూ మా పరిస్థితి బాగాలేదు’ అని ఆగిపోయినవాళ్ళు ఆ కుక్కకు మేలే చేశారు. వాళ్ళను రాతిగుండెవాళ్ళని అనకూడదు. ఇచ్చేవాళ్ళు తమ కన్నా బాగా ఎవరూ చూసుకోలేరన్న భ్రమను వదులుకోవాలి. ఆ భ్రమతో ఒకదాన్ని తమ దగ్గరే ఉంచేసుకుంటే, రేపు దొరికే ఇంకో కుక్కకు చోటుండదు. పొద్దున ఎవరు బయటికి తిప్పుతారు, మధ్యాహ్నం ఎవరి దగ్గర ఉంటుంది, ఇంటికి కష్టమొస్తే ఎవరు తీసుకుంటారు అన్న మూడు చోట్ల మూడు పేర్లు నిండనంత వరకూ ఎంత ఒత్తిడి వచ్చినా ఇవ్వకండి. నిండిన రోజున ఇంకా మంచి ఇల్లు వస్తుందేమోనని ఒక్క పూట కూడా ఆలస్యం చేయకండి.